ఐదో వంతు బూడిద

గోడ మీది గోనెసంచులను అహరోను ఆ పొద్దున రెండోసారి తడుపుతున్నాడు. వాగు మడుగులో రెండు కిరసనాయిలు డబ్బాలు ముంచి, కావడికి తగిలించి, గట్టు ఎక్కి, గోడ పై అంచున నిలబడి ఒక్కో సంచి మీద పోస్తాడు. నీళ్లు ఒక్కచోట గుమ్మరించడు. డబ్బా అంచును ఎడమ చేత్తో పట్టి, వంచి, సంచి ఈ కొన నుంచి ఆ కొన దాకా ధార నడిపిస్తాడు. ఒక వైపు గోడకు పదకొండు డబ్బాలు, రెండో వైపు గోడకు తొమ్మిది, అడుగు పలకకు ఆరు. మడుగుకు పదమూడు సార్లు దిగి ఎక్కాలి. అవి పూర్తయ్యేసరికి మొదటి సంచి అంచు తెల్లబడుతుంది. మళ్లీ మొదలుపెడతాడు.

కొత్త తూము కాంక్రీటు గోడ పోసి ఆ రోజుకు ఇరవై ఏడో రోజు. 1967 మే ముప్పై, మంగళవారం.

ఊరు రాచవాగుపల్లి. జమ్మికుంటకు ఏడు మైళ్లు. వాగుకు అడ్డంగా రాళ్లతో కట్టిన కత్వ ఒకటి ఉంది. అది నీళ్లను ఆపి పక్కనున్న కాలువలోకి మళ్లిస్తుంది. కాలువ తల దగ్గరి తూము కిందటేడు వరదకు కొట్టుకుపోయింది. తూము లేక ఒక పంట పోయింది. కాలువ కింద నలభై ఇళ్ల పొలం ఉంది. అందులో పద్నాలుగు ఇళ్లు అహరోను వాడవి. అతనివి ఇరవై గుంటలు.

కొత్త తూముకు నూట ఇరవై బస్తాల సిమెంటు అడిగితే తొంభై ఆరు వచ్చాయి. ఆ రోజుల్లో సిమెంటు పర్మిట్ల మీద నడిచేది. అడిగినంత వచ్చిన పని జిల్లాలో ఎవరూ చూడలేదు. తక్కువపడిన ఐదో వంతుకు వరి ఊక బూడిద కలిపి ప్రయోగంగా ఈ ఒక్క పని చేసి చూడమని కరీంనగర్ నుంచి కాగితం వచ్చింది. ఊక బూడిద అని మాత్రమే ఉంది అందులో. ఊకను ఎట్లా కాల్చాలో లేదు.

ఓవర్సీరు తాతారావు తణుకు వైపు మనిషి. ఉద్యోగంలో చేరి నాలుగేళ్లు. జమ్మికుంట రైసుమిల్లు బాయిలరు కింది బూడిదను బండి నిండా తెప్పించాడు. నల్లగా ఉంది. అహరోను అందులో పిడికెడు తీసి నీళ్ల డబ్బాలో వేశాడు. బూడిద పైన తేలింది.

"గిది సగమే కాలింది సారూ. బొగ్గు ఉన్నది ఇందుల," అన్నాడు.

"అయితే గోడ కట్టకుండ్రి, పండ్లు తోముకోండ్రి," అన్నాడు మేస్త్రీ కొమురెల్లి. "మా అవ్వ బతికినన్ని దినాలు ఉనుక బూడిదతోనే తోమింది. డెబ్బై ఏండ్లకు గూడ ఒక్క పన్ను ఊడలే. గని ఆమెను తీస్కపోయి వాగుకు అడ్డం వెట్టలే మేము."

అహరోను ఇరవై రెండేళ్లు సున్నం బట్టీల దగ్గర పనిచేశాడు. ఏ మంటకు ఏ రాయి ఎట్లా మారుతుందో చూపుతోనే చెప్పగలడు. ఊకను మనిషెత్తు కుప్ప పోశాడు. నడుమ చిల్లులు పొడిచిన డబ్బా నిలబెట్టి దాని అడుగున నిప్పులు వేశాడు. గాలి తగలకుండా చుట్టూ తడకలు కట్టాడు. కుప్ప రెండు రోజులు రాజుకుంది. మంట లేస్తే బూడిద గరుకు తేలుతుంది. గాలి ఆడకపోతే నల్లగా మిగులుతుంది. రెండూ కాకుండా చూస్తూ కూర్చున్నాడు. మూడో రోజు తెరిచి, బూడిదరంగు తిరిగినదాన్ని తీసుకుని, నడిమి నల్లటిదాన్ని పారేశాడు. తీసుకున్నదాన్ని ఎద్దు తిప్పే సున్నపు గానుగలో వేసి, వేలి గీతల్లో పట్టేంత మెత్తగా రుబ్బించాడు. నీళ్లలో వేస్తే మునిగింది. అట్లా ఏడు కుప్పలు కాల్చాడు. అప్పటి నుంచి దగ్గు పట్టుకుంది.

సైటులో తూకం లేదు. నాలుగు బస్తాల సిమెంటుకు ఒక బస్తా పరిమాణం బూడిద పడాలి. తాతారావు లెక్కవేసి, అది ఊళ్లో గింజలు కొలిచే ఇనుప కుంచంతో ఎనిమిది కుంచాలని తేల్చాడు. కొలిచే పని అహరోనుకు ఇచ్చాడు. ఇసుక, కంకర పెట్టెల దగ్గర తాను నిలబడ్డాడు. అహరోను అతని వెనక బూడిద కుప్ప దగ్గర కూర్చుని "లాభం, రెండు, మూడు" అంటూ, ఒకటిని లాభమనే గింజల లెక్కలో, ఎనిమిది దాకా కొలిచి తట్టల్లో పోశాడు. రెండు రోజుల్లో గోడలు, పలక పోయడం అయిపోయింది. చివరగా కలిపిన కాంక్రీటు మాలులోంచి తీసి ఆరు దిమ్మలు పోశారు. ఒక్కోటి జానెడు లేని చదరపు దిమ్మ. మూడు దిమ్మలను ఏడో రోజున, మూడింటిని ఇరవై ఎనిమిదో రోజున వరంగల్లులో యంత్రం కింద పెట్టి పగలగొట్టి బలం చూస్తారు.

ఏడో రోజు దిమ్మలు చదరపు సెంటీమీటరుకు వంద కిలోల బరువు మోయాలి. ఎనభై ఒకటికే పగిలాయి. కారణం చెప్పమని కాగితం వచ్చింది. ఇరవై ఎనిమిదో రోజు దిమ్మలు కూడా పోతే గోడలు పగలగొట్టాలని అదే కాగితంలో ఉంది. పగలగొట్టి మళ్లీ పోయడానికి వానలలోపు సిమెంటు రాదు. అంటే రెండో పంట కూడా పోయినట్టే.

ఆ కాగితం వచ్చిన రోజు తాతారావు ఇసుక పెట్టె ముందు కూర్చుని లెక్క మళ్లీ వేసుకున్నాడు. పెట్టె మీద బద్ద ఒకటి అడ్డంగా నడిపి, "అంచు దాటితే లెక్క తప్పుతుంది. ఇసుక అంచు దాటలేదు. కంకర దాటలేదు," అన్నాడు తనలో తాను. తర్వాత తలెత్తి, "బూడిద ఎనిమిది కుంచాలే కదయ్యా?" అని అడిగాడు.

"ఎనిమిదే సారూ," అన్నాడు అహరోను.

అబద్ధం కాదు. కానీ బద్ద పెట్టె మీద నడవడం చూసినప్పుడు అతనికి తన కుంచం మీద నిలిచిన కుప్ప గుర్తుకొచ్చింది. పదిహేను రోజులుగా అది అతని లోపల ఉంది. గోడను పద్నాలుగు రోజులు తడిపితే చాలని తాతారావు చెప్పాడు. అహరోను ఆపలేదు.

"కడుపున పుట్టిన పిల్లకు గూడ ఇన్నిమాట్ల లాల పొయ్యలే నువ్వు," అంది ఆ పొద్దున అతని భార్య దెబోరా, అతను అంబలి సగం తాగి ముంత దించినప్పుడు. "ఏమైతుందయ్యా నీకు? తిండి లేదు, మాట లేదు."

"బూడిద కలిసిన మాలు నిదానంగ గట్టిపడతది. నీళ్లు దాగనియ్యాలె."

"గోడకు తాపుతున్నవు. నువ్వు తాగు."

మిగిలిన అంబలి తాగి వచ్చాడు.

తాతారావు ఎనిమిదింటికి సైకిలు మీద వచ్చాడు. వెంట ఎద్దుబండి. నీళ్ల తొట్టిలో మిగిలిన మూడు దిమ్మలనూ జమ్మికుంట స్టేషనుకు, అక్కడి నుంచి రైల్లో కాజీపేటకు, అక్కడి నుంచి వరంగల్లుకు తీసుకెళ్లాలి. మర్నాడు పొద్దున పగలగొడతారు. దిమ్మలు దారిలో ఆరకూడదు. తడి గోనెలు కావాలన్నాడు. సిమెంటు ఖాళీ సంచులు డిపోకు వాపసు పోయాయి. గోడ మీద కప్పినవి తప్ప సైటులో సంచి లేదు. అహరోను తూము నోటి దగ్గరి మూల మీది మూడు సంచులు తీసి, మడుగులో ముంచి తెచ్చి, దిమ్మలకు చుట్టి, తాడు కట్టాడు.

కొమురెల్లి గట్టు మీద బీడీ కాలుస్తున్నాడు. తాతారావు సంచిలోంచి కాగితం తీసి అతన్ని పిలిచాడు.

"నువ్విక్కడ వేలిముద్ర వెయ్యాలి. కారణం రాశాను."

"ఏమని రాసిండ్రు సారూ?"

"మేస్త్రీ చెప్పినదానికంటే ఎక్కువ నీళ్లు కలిపాడని. నీళ్లెక్కువైతే బలం తగ్గుతుందని మొదటిరోజే చెప్పాను కదా నీకు. పోశావా లేదా?"

"పోసిన. ఉత్తగ పోసిన్నా? మాలు బిర్రుగ అయితుండె. తాపీ దిగకపాయె. గోడల సందులు పడితే గప్పుడు ఇంకో కాగితం రాస్తుంటిరి."

"పోశావు కదా. అదే రాశాను."

"రాయండ్రి. మీ చేతిల కలమున్నది, నా చేతిల తాపీ ఉన్నది. ఏది గెలుస్తదో నాకు ఎర్కలేదా?" బీడీ కింద పడేసి బొటనవేలు చూపించాడు. "సిరా ఏది?"

ఆ కాగితం వెళితే కొమురెల్లిని మళ్లీ ఏ సర్కారు పనిలోనూ తాపీ పట్టనివ్వరు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. కొమురెల్లికి పొలం లేదు.

అహరోను కావడి దించాడు.

"సారూ, జర ఆగుండ్రి. మేస్త్రీ తప్పు లేదు. మాలుకు దూప ఎక్కువై నీళ్లు గుంజింది. బూడిద ఎక్కువ వడ్డది."

తాతారావు అతని వైపు చూశాడు. "ఎనిమిదే అన్నావు కదయ్యా?"

"ఎనిమిదే. కుప్ప బోసిన."

"కుప్ప పోయడమేవిటి?"

అహరోను మాట చెప్పలేక, వంగి రెండు చేతులతో గాలిలో కుంచం అంచు గీసి, దాని పైన గోపురంలా చూపించాడు.

"అంచుదాకా కొలవమని కదా నేను చెప్పింది?"

"మీరు కుంచం అన్నరు. అంచుకు చెయ్యి రాసి కొలుసుడు నాకు శాతకాదు సారూ. నా చెయ్యి రాదు."

అతని తండ్రి ఒక దొర దగ్గర ముప్పై ఏళ్లు జీతం ఉన్నాడు. జీతం జొన్నలు. కొలిచే మనిషి కుంచం నింపి, అంచు మీద అరచెయ్యి ఒకసారి రాసేవాడు. తర్వాత రెండోసారి రాసేవాడు. రెండోసారి రాసినప్పుడు చేతివేళ్లు కొంచెం లోపలికి వంగేవి. అహరోను చిన్నప్పుడు పక్కన నిలబడి ఆ వేళ్లు చూసేవాడు. మిషను వాళ్లు కరువులో గింజలు పంచినప్పుడు, పద్దెనిమిదేళ్ల వయసులో, మొదటిసారి కుంచం అతని చేతికి వచ్చింది. అప్పటి నుంచి ఏది కొలిచినా కుప్ప జారే దాకా పోసేవాడు. సున్నం, ఇసుక, పేడ ఎరువు కూడా అంతే. ఊళ్లో అతన్ని కొలతకు పిలిచేవాళ్లు. తీసుకునేవాళ్లు పిలిచేవాళ్లు, ఇచ్చేవాళ్లు కాదు. బూడిద కొలిచిన రెండు రోజులూ పదిమంది చూశారు. ఎవరికీ తప్పనిపించలేదు.

తాతారావు కుంచం తెప్పించాడు. మిగిలిన బూడిదలో అహరోనును మళ్లీ ఎనిమిది కొలవమన్నాడు. ప్రతిసారీ అంచు పైనున్న కుప్పను బద్దతో పక్కనున్న తట్టలోకి తోశాడు. ఎనిమిది అయ్యాక తట్టలోది కొలిచాడు. అంచుదాకా రెండు కుంచాలు, పైన పిడికెడు.

"ఎనిమిదికి పది," అన్నాడు. "ఐదో వంతు కాదు, దాదాపు నాలుగో వంతు."

"రెండు కుంచాల పుణ్యానికి నా కొంప కూలుతుండె గదా అహరోనన్నా," అన్నాడు కొమురెల్లి. కింద పడేసిన బీడీ ఏరుకున్నాడు. "నాకు కూలి గింజలు నువ్వు కొలిస్తే బాగుండు. బూడిద కాడ పెద్దచెయ్యి వెడితివి."

తాతారావు కాగితాన్ని మడతపెట్టి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఇది రాస్తే ఏవవుతుందో తెలుసా నీకు? రేపు దిమ్మలు గట్టిగా తేలినా సరే, ఆర్డరు ప్రకారం పోయలేదు కనుక పగలగొట్టమనొచ్చు. ఆ మాట అనరని నేను చెప్పలేను. రాయకపోతే ఇతను పోతాడు."

అహరోను కాలువ వైపు చూశాడు. కాలువలో కిందటేటి మట్టి పెళ్లలు పెళ్లలుగా లేచి ఉంది. ఆ మట్టి అవతల పద్నాలుగు ఇళ్ల వాళ్ల పొలం, అతని ఇరవై గుంటలు.

"కొలిసింది నేను. నా పేరే రాయుండ్రి. గోడ సంగతి గోడ జెప్పుకుంటది."

"పదిహేను రోజుల కిందే చెప్పుంటే బాగుండేది."

"బుగులైంది సారూ. పగలగొడ్తరని బుగులైంది."

తాతారావు కొత్త కాగితం తీశాడు. ఇరవై నిమిషాలు రాశాడు. రెండుసార్లు కొట్టివేశాడు. బూడిద ఎంత పడిందో అంకెల్లో రాశాడు. ఎందుకు పడిందో మూడు పంక్తుల్లో రాశాడు. నీళ్ల మాట కూడా ఉంచి, బూడిద పీల్చినందువల్ల అని ముందు చేర్చాడు. రాసింది చదివి వినిపించాడు. అహరోను అన్నీ విని, వేలిముద్ర వేసి, వేలిని మోకాలికి తుడుచుకున్నాడు.

"రేపట్నుంచి కొలత పని నీకు లేదు," అన్నాడు తాతారావు.

"మంచిది సారూ. తడుపుడు?"

"తడుపు."

బండి పదింటికి కదిలింది. తాతారావు దిమ్మల పక్కన కూర్చున్నాడు. సైకిలును బండి వెనక కట్టారు. గట్టు మలుపు దగ్గర దిగి గోనెల మీద చెయ్యి పెట్టి చూసి, మళ్లీ ఎక్కాడు.

కొమురెల్లికి ఆ రోజు పని లేదు. అయినా పదకొండు దాకా ఉన్నాడు. రెండు డబ్బాలు తానే మోసి పోశాడు. అహరోను వాటిని చూసి, "గుమ్మరియ్యకు. ధార వెట్టాలె," అన్నాడు.

"నీకు గోడ కట్టుడు నేను నేర్పిన, నాకు నీళ్లు వోసుడు నువ్వు నేర్పవడ్తివి. ఎండ కొడ్తుంది, నడువన్నా ఇంటికి."

"నువ్వు వో. ఇంకో తాప తడిపి వస్త."

గాలి పడమటి నుంచి వీచింది. పన్నెండు దాటాక మడుగు దాకా దిగి ఎక్కడానికి మునుపటికంటే రెట్టింపు సేపు పట్టింది. గట్టు మధ్యలో కావడి దించి దగ్గి, తలకు చుట్టిన రుమాలు బిగించి, మళ్లీ ఎత్తుకున్నాడు. సంచులున్నచోట తడి నిలిచింది. సంచులు తీసిన మూల మీద పోసిన నీళ్లు తాను ఇంకో డబ్బా తెచ్చేలోపే ఆవిరైపోయాయి. ఆ మూల దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

దెబోరా రెండు దాటాక జొన్న గట్క ముంత పట్టుకుని వచ్చింది. గోడ నీడలో అతను వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. గోడ నీడ అతని మోకాళ్ల దాకానే ఉంది. కాళ్లు ఎండలో ఉన్నాయి. డబ్బాలు పక్కన, ఒకదాంట్లో సగం నీళ్లు.

"నేను నెత్తి మాడంగ వస్తే నువ్వు నిద్రవోతున్నవా?" అంది. "లే. గట్క చల్లారుతది."

ముంత దించి భుజం పట్టుకుంది. ఒళ్లు కాలుతోంది. చెమట లేదు. డబ్బాలోని సగం నీళ్లు అతని తల మీద పోసింది. మడుగుకు పరుగెత్తి ఇంకో డబ్బా తెచ్చి పోసింది. అతను ఒకసారి కళ్లు తెరిచి ఆమె చేతిలోని డబ్బా వైపు చూశాడు. పెదవులు కదిలాయి. ఆమెకు వినిపించలేదు. ఆమె కేక విని కొమురెల్లి వచ్చేసరికి రెండున్నర. అప్పటికి ఊపిరి లేదు.

ఆ వారం ఆ చుట్టుపక్కల ఊళ్లలో వడదెబ్బకు పోయినవాళ్లలో అతను మూడోవాడు. వయసు యాభై ఏడని దెబోరా చెప్పింది. పాస్టరు యాభై తొమ్మిది అని రాసుకున్నాడు.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి అతన్ని పూడ్చారు. సుమారు అదే వేళకు వరంగల్లులో దిమ్మలను యంత్రం కింద పెట్టారు. నూట యాభై మోయాలి. ఒకటి నూట అరవై రెండుకు పగిలింది. ఒకటి నూట యాభై ఐదుకు. ఒకటి నూట యాభై ఎనిమిదికి. తాతారావు వాటి ముక్కలు చేతిలోకి తీసుకుని చూశాడట. లోపలి రంగు సిమెంటుకంటే కొంచెం ముదురుగా ఉందని ఊరికి వచ్చాక కొమురెల్లితో చెప్పాడు. అప్పటి దాకా అతనికి చావు సంగతి తెలియదు.

కరీంనగర్ నుంచి జూన్ పన్నెండున కాగితం వచ్చింది. రెండు వాక్యాలు. తూమును ఉన్నదున్నట్టు ఉంచవచ్చు. కొలతలో నిర్లక్ష్యం చూపిన మజ్దూరును వెంటనే పని నుంచి తొలగించాలి. తాతారావు కాగితం పక్కన ఇట్లా రాసి సంతకం పెట్టాడు: మే ముప్పై మధ్యాహ్నం నుంచి పనిలో లేడు.

వాగు పంతొమ్మిదిన వచ్చింది. కత్వ నిండి నీళ్లు తూము లోంచి కాలువలోకి వెళ్లాయి. వాడ వాళ్లు వచ్చి గట్టు మీద నిలబడ్డారు. దెబోరా వాళ్లతో రాలేదు. మూడు రోజులాగి, మనుషులు లేని వేళ వచ్చింది. కొమురెల్లి తూము ఇనుప తలుపు చట్రానికి గ్రీజు రాస్తున్నాడు. ఆమెను చూసి లేచి, తూము నోటి దగ్గరి మూల చూపించాడు.

ఆ మధ్యాహ్నం అహరోను తల మీద రుమాలు లేదు. ఎక్కడ పడిపోయిందో ఆమె వెతకలేదు. ఇన్నాళ్లూ అడగలేదు కూడా. ఇప్పుడు గోడ మూల మీద అది పరిచి ఉంది. సంచులు తీసిన మేర మొత్తం కప్పి, గాలికి లేవకుండా అంచుల మీద నాలుగు రాళ్లు పెట్టి ఉన్నాయి. తనకు కనిపించిన నాటి నుంచి దాన్ని కదపలేదని, వానలు పడే దాకా పూటకు రెండు డబ్బాలు దాని మీద ధార పెట్టానని కొమురెల్లి చెప్పాడు.

దెబోరా రాళ్లు తీసింది. కాంక్రీటులోంచి ఊరిన సున్నం నేతలోకి దిగి తెల్లగా పేరుకుంది. గుడ్డను రెండు చేతులతో పైకి ఎత్తింది. అది మడత పడలేదు. గోడ పై అంచు, పక్క అంచు ఎక్కడ కలిశాయో అక్కడే వంగి, ఆమె చేతుల్లో మూల మూలగానే నిలిచింది.